గెలిచిన ఓటు, లెక్కలోకి రాని కౌలు రైతు

(ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో విద్యార్థులతోనూ, అదే సాయంత్రం తార్నాకలో కాలనీవాసులతోనూ మన సంఘం తరఫున 2019 వానాకాలంలో మాట్లాడిన మాటల పాఠం. రెండు చోట్లా చెప్పిన విషయాలను ఒక్కటిగా కూర్చి ఇస్తున్నాం.)



మృగశిర పోయింది, ఆరుద్ర నడుస్తోంది. ఈసారి రుతుపవనం ఆలస్యమైంది. దుక్కి దున్ని మొగులు చూసుకుంటూ కూర్చున్న రోజులివి. ఈ పనుల్లోనే ఒక రోజు తీరిక చేసుకుని వచ్చాం. ఎందుకంటే మీరు మమ్మల్ని అడిగిన ప్రశ్న మా ఊళ్లలో కూడా మమ్మల్ని అందరూ అడుగుతున్నదే. "రైతులు కష్టాల్లో ఉన్నారని మీ సంఘాలు అంటాయి. ధర్నాలు చేస్తారు, కరపత్రాలు పంచుతారు. మరి మొన్న డిసెంబరులో అదే రైతులు అదే ప్రభుత్వాన్ని అంత మెజారిటీతో ఎందుకు గెలిపించారు?"

ఈ ప్రశ్నను దాటేసి మాట్లాడితే మా మాటకు విలువ ఉండదు. అందుకే ముందు దానికే జవాబు చెబుతాం.

లెక్కలు

శాసనసభకు ఇంకా దాదాపు తొమ్మిది నెలల గడువు ఉండగానే 2018 సెప్టెంబరు 6న కేసీఆర్ గారు సభను రద్దు చేశారు. డిసెంబరు 7న పోలింగ్, 11న ఫలితాలు. 119 స్థానాల్లో టీఆర్‌ఎస్‌కు 88 వచ్చాయి. 2014లో వచ్చినవి 63. కాంగ్రెస్‌కు 19, మజ్లిస్‌కు 7, తెలుగుదేశానికి 2, బీజేపీకి ఒకటి. టీఆర్‌ఎస్‌కు పడిన ఓట్లు నూటికి 47 దాకా ఉన్నాయి. ఇది చిన్న గెలుపు కాదు. ఏదో మాయ చేసి గెలిచారని మేం అనం. ఓటేసిన వాళ్లు మా ఊరి వాళ్లే, మా సంఘంలో సభ్యులే.

అదే డిసెంబరు 11న మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ ఫలితాలు కూడా వచ్చాయి. ఆ మూడు చోట్లా ఉన్న ప్రభుత్వాలు పోయాయి. మధ్యప్రదేశ్‌లో, ఛత్తీస్‌గఢ్‌లో పదిహేనేళ్లుగా కదలని కుర్చీలు కదిలాయి. 2017 జూన్‌లో మంద్‌సౌర్‌లో రైతుల మీద కాల్పులు జరిగిన సంగతి మీకు తెలుసు. పోలింగ్‌కు సరిగ్గా వారం ముందు, నవంబరు 29, 30 తేదీల్లో దేశం నలుమూలల నుంచి రైతులు ఢిల్లీకి వెళ్లి రుణ విముక్తి, గిట్టుబాటు ధర చట్టాలు చేయమని పార్లమెంటు వీధిలో కూర్చున్నారు. దేశమంతా రైతు కోపంగా ఉన్న కాలంలో మన దగ్గర మాత్రం ఉన్న ప్రభుత్వానికి పాతిక సీట్లు పెరిగాయి. దీనికి కారణం ఉండాలి కదా.

చేతికొచ్చింది, నోటితో చెప్పింది

మొదటి కారణం కరెంటు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. అర్ధరాత్రి మోటారు పెట్టడానికి పోయి పాము కరిచి చనిపోయిన వాళ్లు, షాకు కొట్టి చనిపోయిన వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మోటార్లు కాలి, వాటిని మళ్లీ చుట్టించడానికి అప్పు చేసిన రోజులు మేం మరిచిపోలేదు. ఆ బాధ తగ్గింది. బోర్లు ఎత్తిపోతాయనీ, భూగర్భ జలాలు అడుగంటుతాయనీ మా భయం మాకుంది. అయినా తగ్గిన బాధను తగ్గిందనే చెప్పాలి.

రెండోది రైతుబంధు. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలుపెట్టారు. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు, ఏడాదికి 8,000. బడ్జెట్‌లో 12 వేల కోట్లు పెట్టారు. సుమారు 58 లక్షల మంది పట్టాదారుల కోసం చెక్కులు రాశారు. దరఖాస్తు లేదు, దళారీ లేడు, తిరిగి కట్టేది లేదు. స్వాతంత్ర్యం వచ్చాక పంట పెట్టుబడికని ప్రభుత్వం నేరుగా రైతు చేతిలో డబ్బు పెట్టడం మా ఊళ్లలో ఎవరూ చూసి ఎరుగరు. ఇక రెండో విడత యాసంగి డబ్బులు. అప్పటికి ఎన్నికల కోడ్ వచ్చింది. చెక్కులు పంచొద్దు, ప్రచారం చేసుకోవద్దు, బ్యాంకు ఖాతాలో వేసుకోండి అని ఎన్నికల సంఘం అనుమతి ఇచ్చింది. అంటే పోలింగ్‌కు కొద్ది వారాల ముందు ఫోన్లలో డబ్బు పడిన మెసేజీలు మోగాయి. దానికి వేరే ప్రచారం అవసరమా?

మూడోది రైతుబీమా. 2018 ఆగస్టు నుంచి 18 ఏళ్లు మొదలు 59 ఏళ్ల దాకా ఉన్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. ప్రీమియం మొత్తం ప్రభుత్వమే జీవిత బీమా సంస్థకు కట్టింది. వీటికి తోడు ముసలివాళ్లకు పింఛను, ఆడపిల్ల పెళ్లికి కల్యాణలక్ష్మి. ఇంట్లో నలుగురుంటే నలుగురికీ ఏదో ఒకటి అందింది.

అటువైపు కాంగ్రెస్ వాళ్లు ఒకే దఫాలో 2 లక్షల రుణమాఫీ అన్నారు. టీఆర్‌ఎస్ వాళ్లు చెప్పింది లక్షే. అయినా జనం లక్ష వైపే పోయారు. ఎందుకు? అందిన నాలుగు వేలు చేతిలో కనబడుతున్నాయి, రెండు లక్షలు నోటి మాటగా వినబడుతున్నాయి. పైగా కూటమిలో తెలుగుదేశాన్ని చేర్చుకున్నారు. మళ్లీ అమరావతి నుంచి పాలన వస్తుందా అని కేసీఆర్ గారు ప్రతి సభలో అడిగారు. తెలంగాణ కోసం కొట్లాడిన నేల మీద ఆ ప్రశ్న ఎంత బలంగా తగులుతుందో ఉస్మానియాలో కూర్చున్న మీకు మేం చెప్పాల్సిన పని లేదు. 2009 డిసెంబరులో ఈ ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చున్న వాళ్లు మీ అన్నలూ అక్కలే.

గెలుపు చెప్పనివి

అయితే గెలుపు చెప్పేవి కొన్ని, చెప్పనివి కొన్ని ఉంటాయి. రెండూ చూడాలి.

ఉమ్మడి ఖమ్మం జిల్లా చూడండి. పది స్థానాల్లో టీఆర్‌ఎస్‌కు వచ్చింది ఒక్కటే. అక్కడా ఇరవై నాలుగు గంటల కరెంటు ఉంది, రైతుబంధు ఉంది. మరి ఏమైంది? కూటమికి అక్కడ పట్టు ఉన్న మాట నిజమే. కానీ 2017 ఏప్రిల్‌లో మిర్చి ధర పడిపోతే ఖమ్మం మార్కెట్ యార్డులో రైతులు తిరగబడ్డారు. అరెస్టయిన రైతులను చేతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకొచ్చారు. ఆ ఫొటోలు అందరూ చూశారు. అక్కడి ఏజెన్సీలో పోడు భూములకు పట్టాలు రాని గిరిజన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పట్టా లేకపోతే రైతుబంధు లేదు. అందని వాళ్ల ఓటు ఎలా ఉంటుందో ఖమ్మం కొంతైనా చెప్పింది.

నిజామాబాద్ చూడండి. నిజామాబాద్ లోక్‌సభ కిందికి వచ్చే ఏడు అసెంబ్లీ స్థానాలనూ డిసెంబరులో టీఆర్‌ఎస్ గెలిచింది. ఏడుకు ఏడు. ఆ తర్వాత రెండు నెలలకే, ఫిబ్రవరిలో, ఆర్మూరు ప్రాంత రైతులు పసుపు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 కావాలని జాతీయ రహదారి మీద బైఠాయించారు. పసుపు బోర్డు హామీ ఎక్కడికి పోయిందని అడిగారు. పసుపుకు మద్దతు ధర అనేదే లేదు. జవాబు రాకపోతే 178 మంది రైతులు లోక్‌సభకు నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. ఫలితం మీకు తెలుసు. ముఖ్యమంత్రి గారి కుమార్తె కవిత గారు 70 వేలకు పైగా ఓట్లతో ఓడిపోయారు. గెలిచింది పసుపు బోర్డు తెస్తానని మాట ఇచ్చిన బీజేపీ అభ్యర్థి. ఆ బోర్డు ఎప్పుడొస్తుందో ఆయననూ అడుగుతూనే ఉంటాం.

డిసెంబరులో ఏడుకు ఏడు ఇచ్చిన వాళ్లే ఏప్రిల్‌లో ఇలా ఎందుకు చేశారు? పెట్టుబడికి ఇచ్చిన డబ్బు వేరు, పంటకు రావాల్సిన ధర వేరు. మొదటిది ఇస్తే రెండోది అడగరని అనుకోవడం పొరపాటు. మే 23న లోక్‌సభ ఫలితాల్లో 17 స్థానాలకు టీఆర్‌ఎస్‌కు వచ్చినవి 9. అదే రోజు పక్క రాష్ట్రంలో మహిళా సంఘాల వాళ్లకు పసుపు కుంకుమ కింద పది వేల చొప్పున ఇచ్చిన ప్రభుత్వం 23 సీట్లకు పడిపోయింది. కాబట్టి డబ్బులు వేస్తే ఓట్లు పడతాయన్న సూత్రం ఏమీ లేదు. జనం మీ దగ్గర తీసుకున్నది గుర్తుపెట్టుకుంటారు, మీరు ఇవ్వనిదీ గుర్తుపెట్టుకుంటారు.

ఇంకొక మాట. గెలిచాక డిసెంబరు 13న ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు. మంత్రివర్గాన్ని విస్తరించింది ఫిబ్రవరి 19న. యాసంగి పంట పొలంలో ఉన్న రెండు నెలలకు పైగా రాష్ట్రానికి వ్యవసాయ మంత్రి లేరు. జూన్ మొదటి వారంలో కాంగ్రెస్ నుంచి గెలిచిన పన్నెండు మంది టీఆర్‌ఎస్‌లో కలిసిపోయారు. ఇప్పుడు సభలో మా మాట అడిగేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లక్ష రుణమాఫీకి బడ్జెట్‌లో 6,000 కోట్లు చూపించారు, మాఫీ మాత్రం మొదలుకాలేదు. పోయినసారి మాఫీని నాలుగు విడతలు చేస్తే అసలు కన్నా వడ్డీ బాధ ఎక్కువైంది. అది మళ్లీ జరగకూడదు.

కౌలు రైతు ఎక్కడ?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. మేం ఈ రెండు చోట్లకూ వచ్చింది దీనికోసమే.

రైతుబంధు ఎవరికి వస్తుంది? పాసుపుస్తకంలో పేరున్నవాళ్లకు. రైతుబీమా ఎవరికి? వాళ్లకే. భూమిని దున్నేది వేరే మనిషి అయితే? వాళ్లకు ఏదీ లేదు. కౌలుదారులు ఏటా మారుతుంటారు, పట్టాదారుకూ కౌలుదారుకూ మధ్య ప్రభుత్వం జోక్యం చేసుకోదు అని ముఖ్యమంత్రి గారు చెప్పేశారు.

ఒక లెక్క వేద్దాం. ఐదెకరాలు కౌలుకు తీసుకుని పత్తి పెట్టిన కుటుంబం అనుకోండి. ఎకరాకు కౌలు పది వేలు. మొత్తం 50,000, విత్తనం పడకముందే కట్టాలి. విత్తనం, ఎరువు, మందులు, కూలి, పత్తి ఏరడం కలిపి ఎకరాకు ఇరవై వేలు, మొత్తం లక్ష. ఈ లక్షన్నర బ్యాంకు ఇవ్వదు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఎనిమిది నెలలకు వడ్డీ 36,000. ఖర్చు 1,86,000. ఎకరాకు ఏడు క్వింటాళ్ల చొప్పున 35 క్వింటాళ్లు పండితే, పోయిన ఏడాది మద్దతు ధర 5,450 లెక్కన 1,90,750 వస్తుంది. మిగిలేది 4,750 రూపాయలు. మొగుడూ పెళ్లాం ఏడాది కష్టానికి అది. పాసుపుస్తకం చూపించలేక సెంటరులో అమ్మలేక, ఊళ్లో వ్యాపారికి ఐదు వేలకు ఇస్తే 11,000 నష్టం. గులాబీ పురుగు తగిలితే ఆ లెక్క చెప్పనక్కర లేదు.

అదే భూమికి రైతుబంధు పోయిన ఏడాది 40,000 వచ్చింది. అది వచ్చింది పట్టాదారుకు. ఆయనకు కౌలు 50,000, రైతుబంధు 40,000, మొత్తం 90,000. ఈసారి ఎకరాకు పంటకు 5,000 అయింది కాబట్టి లక్ష దాటకపోయినా సరిగ్గా లక్ష. ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేదు. రెండెకరాల రైతుకు పంటకు పది వేలు వస్తే నలభై ఎకరాల ఆసామికి రెండు లక్షలు. పేరేమో పంట పెట్టుబడి సాయం. పెట్టుబడి పెట్టినవాడికి పైసా లేదు.

2018లో రైతు స్వరాజ్య వేదిక, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వాళ్లు కలిసి, ఆత్మహత్యలు జరిగిన దాదాపు 700 రైతు కుటుంబాలను కలిసి వివరాలు రాసుకున్నారు. చనిపోయిన ప్రతి నలుగురిలో ముగ్గురు కౌలుకు చేస్తున్నవాళ్లే. వాళ్లలో చాలామందికి ఎంతో కొంత సొంత భూమి ఉంది, అది చాలక కౌలుకు తీసుకున్నారు. సెంటు భూమి కూడా లేకుండా కౌలు చేసే మనిషి చనిపోతే రైతుబీమా రాదు. 2015లో వచ్చిన 194 జీవో కింద కౌలు రైతు కుటుంబానికీ 6 లక్షలు రావాలి. దానికి త్రిసభ్య కమిటీ వచ్చి విచారించాలి. కమిటీ వచ్చేదాకా ఆ ఇల్లాలు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. కౌలు కాగితం ఏది అని అడిగితే ఏం చూపిస్తుంది? మన దగ్గర కౌలంతా నోటి మాట మీదే నడుస్తుంది.

చట్టం లేకనా అంటే, ఉంది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం చేశారు. దాని కింద కౌలు రైతుకు ఏడాదికి రుణ అర్హత కార్డు ఇవ్వాలి. దాంతో బ్యాంకు అప్పు, పంట బీమా, నష్టపరిహారం అందాలి. తెలంగాణ వచ్చాక కూడా ఆ చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు. కార్డులు ఇవ్వడం మాత్రం దాదాపు మానేశారు. పహాణీలో అనుభవదారు అని ఒక కాలం ఉండేది. కొత్త పాసుపుస్తకంలో పట్టాదారు పేరు తప్ప దున్నేవాడి ఊసు లేదు. రాసుకోకపోతే మనిషి లేనట్టేనా?

కౌలు రైతులను కలుపుకుంటే పట్టాదారులకు కోపం వస్తుంది, ఓట్లు పోతాయి అని కొందరు నాయకులు మాతో అన్నారు. ఒడిశా చూడండి. అక్కడ కాలియా పథకంలో కౌలుదారులను, భూమి లేని కుటుంబాలను కూడా చేర్చారు. నవీన్ పట్నాయక్ గారు మొన్న మే నెలలో ఐదోసారి గెలిచారు. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త ప్రభుత్వం రైతు భరోసాను కౌలు రైతులకూ ఇస్తామని ప్రకటించింది. అక్కడ అయ్యేది ఇక్కడ ఎందుకు కాదు? 88 సీట్లున్న ప్రభుత్వం భయపడాల్సింది ఎవరికి?

తార్నాక పెద్దలకు

తార్నాకలో ఈ మాట సూటిగానే చెప్పాం, ఇక్కడా అలాగే రాస్తున్నాం. తార్నాక, హబ్సిగూడ, నాచారం కాలనీల్లో ఉద్యోగాలు చేసి రిటైరైన వాళ్లు, చేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నల్లగొండలోనో, వరంగల్‌లోనో, మెదక్‌లోనో తాతల నాటి భూమి మీకుంది. దాన్ని అమ్ముకోకుండా ఉంచుకున్నారు, సంతోషం. ఆ భూమి కౌలుకు ఇచ్చారు, అదీ తప్పు కాదు. రైతుబంధు మీ ఖాతాలో పడుతోంది. ప్రభుత్వం వేసింది, మీరు దొంగిలించలేదు.

కానీ ఒక్కటి ఆలోచించండి. కౌలు కార్డుకు సంతకం అడిగితే మీరు జంకుతున్నారు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు హక్కులు వచ్చిన సంగతి మీ పెద్దలు చెప్పి ఉంటారు. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం అక్కడి నుంచి వచ్చింది. 2011 చట్టం అలాంటిది కాదు. కార్డు గడువు ఏడాదే. భూమి మీద ఏ హక్కూ దాంతో రాదని చట్టంలోనే రాసి ఉంది. అప్పు, బీమా, పరిహారం కోసమే ఆ కార్డు. మీ సంతకంతో మీకు గుంట భూమి పోదు. ఆ ఇంటికి మూడు రూపాయల వడ్డీ తప్పుతుంది.

రైతుబంధు వద్దనుకుంటే తిరిగి ఇచ్చే పద్ధతి ప్రభుత్వమే పెట్టింది. తిరిగి ఇస్తే అది ఖజానాకు పోతుంది, మీ కౌలుదారుకు పోదు. దానికన్నా కౌలులో అంత తగ్గించండి. మేం బతిమాలడం లేదు, న్యాయం అడుగుతున్నాం.

విద్యార్థి మిత్రులకు

మీలో చాలామంది మా ఇళ్ల నుంచే వచ్చారు. హాస్టల్ మెస్ బిల్లు కట్టడానికి ఇంట్లో ఏం అమ్మారో మీకు తెలుసు. మీ ఇంటి భూమి సొంతమా, కౌలా అని కూడా మీకు తెలుసు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటలు ఈ ప్రాంగణం నుంచే ఊరూరికీ వచ్చాయి. నియామకాల కోసం మీరు ఎదురుచూస్తున్నట్టే మేం ధర కోసం, కార్డు కోసం ఎదురుచూస్తున్నాం.

మీరు మాకు చేయగలిగిన పని ఒకటుంది. ఊరికి పోయినప్పుడు మీ ఊళ్లో కౌలుకు చేస్తున్నవాళ్ల జాబితా రాయండి. ఎన్ని ఎకరాలు, ఎకరాకు కౌలెంత, అప్పు ఎక్కడ తెచ్చారు, వడ్డీ ఎంత, ఎప్పుడైనా రుణ అర్హత కార్డు వచ్చిందా. ఈ ఐదు ప్రశ్నలు చాలు. ఒంటరి మహిళలు, భర్త చనిపోయి తామే సాగు చేస్తున్నవాళ్లు ఉంటే వాళ్ల పేర్లు ముందు రాయండి. వాళ్లను రైతులని ఊరు కూడా అనదు. ఆ జాబితాలు మా మండల కమిటీలకు ఇస్తే తహసీల్దార్లకు దరఖాస్తులుగా పెడతాం. కౌలుదారులు ఎవరో మాకు తెలియదని చెప్పే అవకాశం ప్రభుత్వానికి ఉండకూడదు.

మా డిమాండ్లు

ఒకటి, 2011 చట్టం ప్రకారం ఈ వానాకాలంలోనే గ్రామసభలు పెట్టి కౌలు రైతులకు కార్డులు ఇవ్వాలి. రెండు, రైతుబంధు, రైతుబీమా వాస్తవ సాగుదారుకు అందాలి. పోడు రైతులకు పట్టాలిచ్చి వాళ్లనూ చేర్చాలి. మూడు, రైతుబంధుకు ఎకరాల పరిమితి పెట్టి, మిగిలిన డబ్బును కౌలు రైతులకు ఇవ్వాలి. నాలుగు, లక్ష రుణమాఫీ ఒకే దఫాలో చేయాలి. ఐదు, పసుపు, మిర్చి, ఎర్రజొన్నలకు ప్రభుత్వమే ధర ప్రకటించి కొనాలి. ఆరు, 194 జీవో కింద పెండింగులో ఉన్న ప్రతి కుటుంబం విషయం విచారించి పరిహారం ఇవ్వాలి.

ఈ ప్రభుత్వాన్ని దించాలని మేం రాలేదు. జనం ఐదేళ్లకు ఎన్నుకున్నారు, ఆ తీర్పును గౌరవిస్తాం. అయితే ఓటు వేసింది మేం అడగడం మానేస్తామని కాదు. ఓటు వేసిన చేత్తోనే దరఖాస్తు పెడతాం, అవసరమైతే ఆ చేత్తోనే జెండా పడతాం. రెండు వానలు పడగానే విత్తనాలు పెట్టి, ఆ తర్వాత మండల కేంద్రాల్లో కౌలు కార్డుల దరఖాస్తులు మొదలుపెడుతున్నాం. జాబితాలు పట్టుకుని మీరూ రండి.

సెలవు. జై కిసాన్.